పెద్దబడి అక్షరం

మే నెలాఖరు. మలోటి కొండల మీద మంచు దిగింది.
యూనిఫాం మీద కంబళ్లు కప్పుకుని నలభై ముగ్గురు.
సెయింట్ గెరార్డ్ హైస్కూల్లో ఈ కాలంలో
ఇంగ్లిషు ముందు ఆవిరిగా కనబడుతుంది,
ఆ తర్వాతే వినబడుతుంది.

నామవాచకం దగ్గరే ఉన్నాం ఇంకా.
మనిషి పేరు, చోటు పేరు, వస్తువు పేరు,
బల్ల మీద రాసి ఉదాహరణలడిగాను.
థాబా-త్సెకా అన్నాడొకడు.
గొర్రె అన్నాడు, పొద్దున్నే గొర్రెల్ని తోలి వచ్చినవాడు.
వెనక బెంచీలో ఓ పిల్ల లేచి
"నేను, సార్. నేను మూడో రకం" అంది.

ఎవరూ నవ్వలేదు.
న్థోఫేలా అంటే మా సెసోతోలో ఉత్త వస్తువు.
తనకి ముందు ఇద్దరు పుట్టి పోయారు,
దొడ్డి గోడ వెనక రెండు చిన్న రాళ్ల కుప్పలు.
మూడోసారి నాయనమ్మ చావు కళ్లుగప్పింది:
ఇక్కడ పిల్లా లేదు జెల్లా లేదు,
ఏదో వస్తువు పడుంది, పో.

సిస్టర్ ఎమెరెన్సియా ఫిలొమినా అని పిలుస్తుంది.
ఆ పేరు విని ఈ పిల్ల
పక్కింటివాళ్ల తలుపు తట్టినట్టు చూస్తుంది.

మా బళ్లో సెసోతో మాట్లాడితే మెడలో చెక్కబిళ్ల.
సాయంత్రం గంటకి అది ఎవరి మెడలో ఉంటే
వాళ్లు వంటశాలకి నీళ్లు మోయాలి.
నేనూ మోశాను, ఇదే బళ్లో, ఇదే వాగు నుంచి.
చెక్క మారింది. తాడు అదేననుకుంటాను.

మా భాషకి అతడూ ఆమే లేవు, ఒక్క 'తను' చాలు.
మరియమాత మీద వ్యాసం రాయమంటే
క్లాసు క్లాసంతా ఆవిణ్ని 'అతడు' చేసేశారు.
సిస్టర్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ పిల్ల వ్యాసంలో మాత్రం వేరే తప్పు.
తన పేరుకి చిన్నబడి అక్షరం.
ఇంగ్లిషులో 'నేను' ఎప్పుడూ తలెత్తుకునే నిలబడుతుంది కదా,
దాన్నీ వంచి రాసింది, పదకొండు చోట్ల.
పదకొండుసార్లు ఎర్రసిరా పెట్టాను.

స్టాఫ్ రూం గుమ్మంలో నిలబడి,
చెక్కబిళ్లకి తెగించి, సెసోతోలోనే చెప్పింది:
"పెద్దది పెడితే పైకి కనబడుతుంది, న్తాతే."
ఎవరికని అడగలేదు నేను.
మాకు చెవికీ తెలియడానికీ మధ్య
చివరి అచ్చు ఒక్కటే తేడా.

ఏదో ఒకటి చెప్పాల్సింది.
"పేపరు దిద్దేవాడికి మీ నాయనమ్మ తెలీదమ్మా" అన్నాను.
అంతకన్నా రాలేదు నాకు, ఏ భాషలోనూ.

అయిదేళ్లు.
పెద్ద పరీక్షలో పెద్దబడే రాసిందట,
రాసేటప్పుడు చెయ్యి వణికిందట.
ఫలితాలు గుడి తలుపుకి అంటించారు,
పై నుంచి నాలుగో పేరు,
అన్నీ, ప్రతి అక్షరమూ, పెద్దబడి.

గుర్రం మీద మూడు గంటలు కొండ దిగి
నాయనమ్మ వచ్చింది. చదువు రాదు.
"మాదేది?" అంది. వేలు పెట్టి చూపించాను.
చాలాసేపు చూసింది.
"ఇంత పెద్దగానా?"

కంబళి మడతలోంచి ముక్కుపొడి డబ్బీ తీసింది.
బొటనవేలు నాలిక మీద తడిపి, పొడిలో అద్ది,
ఆ పేరు మొదటి అక్షరం మీద
గట్టిగా ఒకసారి రాసింది.
గోధుమరంగు మరక. కింద ఏముందో
తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

కాయితం పాడుచేసిందెవరని సిస్టర్ అడిగింది, ఇంగ్లిషులో.
నాకు తెలీదన్నాను, సెసోతోలో.

మాస్టర్ల మెడలో చెక్కబిళ్ల వేసే ఆచారం లేదు మా బళ్లో.
ఆ సాయంత్రం నీళ్లు మాత్రం నేనే మోశాను.
రెండు బకెట్లు.
ఎక్కుడు దారి. సగం కాళ్ల మీదే ఒలికింది.